రెండు బొటనవేళ్ళ తొడుగు

నాలుగు బోల్టులు. మూడు తేలిగ్గానే వచ్చాయి.
నాలుగోది ఉప్పుగాలికి తుప్పెక్కి
ముప్పై అయిదేళ్ళ మొండితనంతో పట్టుకునుంది.
డిసెంబరు ఆఖరి పగలు. ఇక్కడ పగలంటే
మధ్యాహ్నం ఓ రెండు గంటలు
పాలగిన్నె కడిగిన నీళ్ళ రంగులో ఆకాశం.
రేపట్నుంచి గ్రిన్‌డోయ్ అనే పంచాయతీ లేదు.
ఫెర్రీ దిగగానే కనపడే డాలు బొమ్మని
విప్పి డిపోలో అప్పగించమని నాకు కాగితం వచ్చింది.

నీలం నేల. నిలువుగా ఒక వెండి చేతితొడుగు.
నాలుగు వేళ్ళకీ కలిపి ఒకటే గది,
బొటనవేళ్ళు మాత్రం రెండు, అటొకటి ఇటొకటి.

వేసవిలో వచ్చే జర్మన్లు కారాపి ఫొటో తీసుకునేవారు,
ఈ చలిలో నాగజెముడేమిటని నవ్వుకుంటూ.

ఎనభై నాలుగులో, బడి వ్యాయామశాలలో సభ.
ఓస్లో పంపిన నియమాలు అధ్యక్షుడు ఐలెర్ట్ చదివాడు:
ఒకే బొమ్మ. రెండే రంగులు.
అందులో ఒకటి లోహం కావాలి, వెండో బంగారమో.
అక్షరం పనికిరాదు, అంకె పనికిరాదు.
దూరాన పడవలో ఉన్నవాడు కూడా పోల్చుకోవాలి.
చర్చి పెడదామన్నారు ముసలివాళ్ళు. చర్చి లేని ఊరేది?
కాడ్ చేప అన్నారు. దాన్ని పక్క దీవి ముందే పట్టేసింది.
లైట్‌హౌస్ అన్నాడు పంతులు. అది సర్కారుది, మనది కాదు.
మాటలు దారి తప్పి
డెబ్భై ఒకటిలో మునిగిన పడవ దాకా పోయాయి.
కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.
కాఫీ రెండోసారి చల్లారింది.

వెనక బెంచీలో అల్లుకుంటున్న గున్వోర్,
చేపల ఫ్యాక్టరీ గున్వోర్,
సూదులతో సహా చేతిలో పని పైకెత్తి చూపించింది.

గేలపుతాడు ఒరిసి అరచేతి వైపు అరిగిపోతే
తిరగేసి తొడుక్కోడానికే ఆ రెండో బొటనవేలు.
ముందు చేతికి రెండింతలు అల్లుతారు.
తర్వాత సముద్రమే తడిపి, పిండి,
కుదించి కొలతకు తెస్తుంది.

ఓస్లో నుంచి జవాబు:
మనిషి చేతికి బొటనవేలు ఒక్కటే, బొమ్మ సరిదిద్ది పంపగలరు.
గున్వోర్ ఉత్తరం రాయలేదు.
ఒక జత పొట్లం కట్టి పోస్టు చేసింది.
వాడినవే. ఒకవైపు నూలు తేలినవి,
ఎన్ని ఉతుకులు ఉతికినా చేపజిడ్డు వదలనివి.
మూడు వారాల్లో రాజముద్ర పడి వచ్చింది.
జత మాత్రం తిరిగి రాలేదు.
ఆఫీసులో ఎవరికో చలేసి ఉంటుందనుకున్నాం.

ఐలెర్ట్ ఓ సంగతి చెబుతుండేవాడు:
డాలుకి కుడీ ఎడమా చూసేవాడి లెక్క కాదు,
వెనక నిలబడి మోసేవాడి లెక్క.
మనకి ఎడమ దానికి కుడి.
సింహం ఎటు తిరిగింది, గొడ్డలి ఏ చేతిలో ఉంది,
అన్ని డాళ్ళకీ ఉన్న ఈ తకరారు
మాదానికి లేదు.
పుర్రచేతివాణ్ణి,
బళ్ళో పెన్సిలు లాగేసి కుడిచేతిలో పెట్టించుకున్నవాణ్ణి,
ఎప్పుడూ పైకి అనలేదు గాని
ఆ బోర్డు కింద నడిచినప్పుడల్లా కాస్త నిటారుగా నడిచేవాణ్ణి.

కొత్త డాలు మీద అయిదు ఊళ్ళకి అయిదు అలలట.
బాగానే ఉంది. అలలకేం, అందరికీ ఉన్నాయి.

నాలుగోదానికి నూనె పోసి, తిట్టి, రంపం పెట్టాను.
ఊడిన రేకు గాలికి తెరచాపలా కొట్టుకుంటుంటే
గుండెకి అడ్డంగా పట్టుకుని ట్రక్కు దాకా నడిచాను.
సగం దారిలో తట్టింది:
ఇప్పుడు వెనక ఉన్నది నేను.
దాని కుడి, నా కుడి.
ఎదురుగా చూసేవాళ్ళెవరూ లేరు,
ఆఖరి ఫెర్రీ అప్పటికే వెళ్ళిపోయింది.

డిపోలో గుమాస్తా పిల్ల రసీదు రాసింది:
బోర్డు ఒకటి, బోల్టులు మూడు.
నాలుగోది నీళ్ళలో పడిపోయిందని చెప్పాను,
జేబులో చెయ్యి తియ్యకుండానే.